చెవితో చూసే మరదలు

మా మరదలు, అంటే తమ్ముడి భార్య, ఏ వస్తువైనా చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తుంది. పెళ్ళిచూపుల్లో మా తమ్ముణ్ణీ ఊపి చూసిందని మా ఊరు ప్రత్తిపాడంతా నేనే చాటాను.

ఆమె గుంటూరులో ఒక కంపెనీలో మల్టీమీడియా ప్రోగ్రామరుగా చేరి, ఎండుమిర్చి నాణ్యత గుర్తించడం నేర్పే ఫోను పాఠం తయారుచేసింది. ఫోను ఊపితే తెరమీది కాయల చప్పుడు వినిపిస్తుంది.

"బొమ్మలు చాలు, చప్పుడెందుకమ్మా? దీన్ని కొనబోయే మిర్చి యార్డు వ్యాపారికి నచ్చకపోతే నీకు ఉద్యోగం ఉండదు" అన్నాడు ఓనరు.

మర్నాడు వచ్చిన వ్యాపారి తెర వంక చూడనే లేదు. ఫోను చెవి దగ్గర ఊపాడు. "గింజ మోగట్లేదు. ఇది ఆరని కాయ, నేను కొనను."

ఓనరు మొహం మాడిపోయింది.

మరదలు నవ్వింది. "అవునండీ, పాఠంలో మొదట పెట్టింది ఆరని కాయే."

"అయితే ఎండింది వినిపించు తల్లీ" అంటూ వ్యాపారి కుర్చీ లాక్కున్నాడు.

ఇప్పుడా కంపెనీలో మా మరదలు విననిదే ఏ బొమ్మా గడప దాటదు.