అంట్ల నీళ్ల సంపంగి

ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాక నేను రాయాలనుకున్న మొదటి సంగతి మా తాండూరు ఇంటి సంపంగి చెట్టు. చాలాసార్లు మొదలుపెట్టాను. చెట్టు ఎక్కడిది, ఎంత ఎత్తు, పూలు ఏ రంగు, అంతవరకు కలం బాగానే నడిచేది. దానికి ఏం నీళ్లు పోశానో రాయాల్సిన చోట ఆగిపోయేది. అందుకే ఈసారి ఆ నీళ్లతోనే మొదలుపెడుతున్నాను. అవి అంట్లు కడిగిన నీళ్లు.

నిజాం రాజ్యం పోయిన కొన్నాళ్లకు నా పెళ్లయింది. పుట్టిల్లు వికారాబాద్. మా ఆయన తాండూరులో నాపరాళ్ల గనిలో పని చేసేవాడు. ఇంట్లో మేమిద్దరం, ఎప్పుడో భర్త పోయిన మా అత్తమ్మ. ఆ వీధిలో మాదే చిన్న ఇల్లు. జల్లెడ కావాలన్నా, రోకలి కావాలన్నా, పొయ్యిలోకి నిప్పు కావాలన్నా మూలింటి అక్క దగ్గరికే పోయేదాన్ని. వాళ్లది కిరాణా దుకాణం. అక్క ఎప్పుడూ లేదనలేదు. కానీ ఇచ్చేటప్పుడు "మల్ల వచ్చినవా?" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చేదాకా చెవులు మండుతూనే ఉండేవి. ఆ వీధిలో ఒక్కసారైనా, ఎవరికైనా, ఏదైనా ఇవ్వాలని ఉండేది నాకు. ఇవ్వడానికి మా ఇంట్లో ఏముంది?

ఒక వానాకాలం వికారాబాద్ పోతే, ఒక బంగళా తోటలో పని చేసే మా నాయన రేకు డబ్బాలో సంపంగి మొక్క పెట్టి ఇచ్చాడు.

"గిది అంటు కట్టింది బిడ్డా. పెద్ద మాను కాదు, నీ తల దాటితే గొప్ప. జల్దీ పూస్తది. మీ తాండూరు మన్ను సున్నమోలె ఉంటది, దీనికి పడదు. గీ ఎర్రమన్ను గూడ తీస్కపో."

మొక్క ఒళ్లో, మన్ను సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని రైల్లో వచ్చాను. మా వాకిలంతా నాపరాళ్లే. మా ఆయన అంట్లు తోమే మూలన ఒక బండ లేపాడు. ఇంకెక్కడ లేపినా నడవడానికి దారి ఉండదు. బండ కింద కూడా రాతి ముక్కలే వచ్చాయి. వాటిని ఎత్తిపోసి, ఎర్రమన్ను నింపి, మొక్క నాటాం.

బావి వీధి చివర ఉండేది. ఎండాకాలం వస్తే చేద అడుగు రాతికి తగిలి ఖంగుమనేది. మోసుకొచ్చిన నీళ్లు తాగడానికి, వండడానికే చాలీచాలకుండా ఉండేవి. అందుకని బూడిదతో తోమిన మొదటి నీళ్లు పారబోసి, రెండోసారి కడిగిన నీళ్లు కుండలో పట్టి చెట్టుకు పోసేదాన్ని. అంటు కింది నుంచి వచ్చే చిగుళ్లు గిల్లేసేదాన్ని. నా భుజం ఎత్తుకు రాకముందే అది పూసింది. ఆకుల చాటున పసుపు పచ్చని పూలు. చెట్టు కనిపించని వాళ్లకు కూడా వాసన తెలిసేది.

శ్రావణ శుక్రవారం నాడు మూలింటి అక్క తానే మా గడప దగ్గరికి వచ్చింది.

"ఏమే పిల్లా, గా వాసన మీ ఇంట్లకెళ్లేనా వచ్చేది? లచ్చిందేవికి జరన్ని పూలియ్యరాదూ."

ఆమె ఇత్తడి పళ్లెం పట్టింది. నేను పూలు పెట్టాను. నా చేయి పైన, ఆమె చేయి కింద. ఆ పొద్దు నాకు ఆకలే కాలేదు. తర్వాత మిగతా ఇళ్లవాళ్లూ వచ్చారు. వాళ్లలో ఎవరూ "మల్ల వచ్చినవా" అనిపించుకోలేదు నా చేత.

అదే నెల ఇంకో శుక్రవారం అక్క పొద్దున్నే వచ్చింది. నేను చెట్టు మొదట్లో కుండ వంచుతున్నాను. నీళ్లు ఇంకిపోయి, ఎర్రమన్ను మీద తెల్లగా అన్నం మెతుకులు మిగిలాయి. రాలిన పువ్వు ఒకటి అక్కడే ఉంది. దాని మీదా ఒక మెతుకు.

"గివేం నీళ్లే?"

నేను కుండ వెనక్కి దాచబోయాను.

"ఎంగిలి నీళ్లా? గీ పూలా నేను గిన్ని దినాలు దేవుని నెత్తిన పెట్టింది! నాకొక్క మాట చెప్తే నోరు పోవునా?"

ఆ మధ్యాహ్నం బావి దగ్గర ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది. ఒకామె చేద లాగుతూ, "నేను అప్పుడే అనుకున్న, గా పూలల్ల పప్పుచారు వాసన ఎందుకొస్తుందా అని" అన్నది. అందరూ పడీపడీ నవ్వారు. నేను సగం నిండిన బిందె ఎత్తుకుని వచ్చేశాను.

ఆ తర్వాత చెట్టు పూయడమే నాకు సిగ్గయింది. అది పూసిందని వాసనే వీధికి చెప్తుంది. అందుకని రోజూ మొగ్గలు విచ్చకముందే గిల్లి, పొయ్యిలో బూడిద కింద దాచేదాన్ని. చెట్టుకు నీళ్లు పోసేముందు వాకిలి తలుపు మూసేదాన్ని.

పొద్దున పూట అత్తమ్మ ఆ చెట్టు పక్క బండ మీద కూర్చునేది. ఎండ కాచుకోవడానికనే నేను అనుకునేదాన్ని. ఒకరోజు అడిగింది.

"చెట్టు ఎందుకు పూస్తలేదు పిల్లా?"

"పురుగు పట్టినట్టున్నది అత్తమ్మా."

"గా పురుగు మొగ్గల్ని తీస్కపోయి పొయిల పెడ్తదా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె కోపంగా ఏమీ అనలేదు.

"నా మొగడు పోయినంక తలల పువ్వు పెట్టింది లేదు. నాకెవ్వరు ఇయ్యనుగూడ ఇయ్యరు. ఈడ కూసుంటే వాసనన్న వస్తుండె. వాండ్లు వద్దన్నరని నాకు గదీ లేకుంట జేస్తివి."

ఇవ్వాలి, ఇవ్వాలి అని వీధంతా చూశాను. మా వాకిట్లో ఈమె రోజూ తీసుకుంటోందని నాకు తట్టలేదు. బావి దగ్గర పడ్డ సిగ్గు కంటే ఆ సిగ్గు ఎక్కువ బాధపెట్టింది. ఇప్పటికీ అంతే.

మర్నాడు మొగ్గలు గిల్లలేదు. వాసన గడప దాటి వీధిలోకి పోయింది. వాకిలి తలుపు తెరిచే ఉంది. నేను కడిగిన నీళ్ల కుండ పట్టుకుని, బిందెలతో పోయే ఆడవాళ్లు దాటిపోనీ అని ఆగాను. వాళ్లలో ఒకామె ముక్కు ఎగబీల్చి లోపలికి చూసింది. నేను కుండ వంచకుండా అట్లాగే పట్టుకున్నాను.

బండ మీద కూర్చున్న అత్తమ్మ కాళ్లు కొంచెం పక్కకు జరుపుకున్నది.

"నీళ్లు పొయ్యి పిల్లా, మొదలు ఎండుతున్నది" అన్నది.

పోశాను.