గతౌరా దగ్గర ఆగిపోయిన ఇంజను

నేను బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టర్‌గా ఉన్న రోజుల్లో, ఒక గూడ్సు ఇంజను గతౌరా దగ్గర ఆగిపోతే ఇంకో ఇంజనుకి కట్టి లాక్కొచ్చారు. దాని డ్రైవరు మా పక్క క్వార్టర్ ఆయనే, శ్రీకాకుళం వైపు మనిషి. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన భార్య పోయి అప్పటికి నెల కూడా కాలేదు.

"సిలిండర్‌కి నూనె అందలేదు. మనిషికి ధ్యాస లేదు" అన్నాడు ఫోర్మన్ దొర. బాబాయ్ కాదనలేదు. నన్ను పక్కకి పిలిచి, మసి చేతులు చూసుకుంటూ, "నూనె పోసేనో లేదో గుర్తు లేదురా. ఈ మధ్య ఏటి చేస్తన్నానో నాకే తెలీడం లేదు" అన్నాడు.

"ముందు విప్పి చూద్దాం బాబాయ్."

ఇంజను చల్లారాక సిలిండర్ మూత తీసి పిస్టన్ బయటికి లాగేం. దాని చుట్టూ ఉండే ఇనుప రింగుల్లో ఒకటి ముక్కలైపోయింది. ఆ ముక్కలు సిలిండర్ లోపలి గోడని గోరు దిగేంత లోతుగా గీరేశాయి. కానీ గోడ తడిమితే వేలికి నూనె అంటింది. నూనె లేక ఎండితే ఇనుము నీలంగా కమిలిపోవాలి, ఇక్కడ ఆ జాడే లేదు. ముక్కల్ని కిరసనాయిల్లో కడిగి ఎండలోకి తెచ్చాను. ఒకటి విరిగినచోట సగం తళతళలాడుతోంది, సగం నల్లబడి ఉంది. పగులు పాతది. ఆ రోజు పూర్తిగా తెగింది, అంతే.

దొర ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "అచ్ఛా" అన్నాడు. తనే బాబాయ్ దగ్గరికి నడిచి వెళ్ళి, తప్పు రింగుది, నీది కాదు అని హిందీలో చెప్పాడు.

బాబాయ్ నా వైపు తిరిగేడు. "నిజమేనా? నా బాధ చూడలేక దొరకి అలా చెప్పేవా?"

ముక్క ఆయన చేతిలో పెట్టాను. చాలాసేపు చూశాడు.

సిలిండర్ లోపలంతా కొంచెం కొంచెంగా తొలిచి నునుపు చేశాం. అది కాస్త పెద్దదయింది కాబట్టి ఆ కొలతకే కొత్త రింగులు చేయించి వేశాం. ఇంజను పరీక్షకి వెళ్ళినప్పుడు బాబాయే నడిపాడు. పక్కన నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. ఆవిరి ఎక్కడా కారడం లేదు, పొగగొట్టంలో ఛుక్ ఛుక్ దెబ్బ సమంగా పడుతోంది.

"బాగుంది బాబాయ్" అన్నాను.

ఆయన ఆవిరి పిడి మీంచి చెయ్యి తియ్యకుండానే ఏడ్చేడు. "మీ పిన్ని పోయినప్పుడు డ్యూటీలో ఉన్నానురా" అన్నాడు. ఫైర్‌మన్ మొహం తిప్పుకుని బొగ్గు వేస్తూనే ఉన్నాడు. కాసేపటికి బాబాయ్ కండువాతో కళ్ళు తుడుచుకుని, విజిల్ వేసి, వేగం పెంచేడు.