కాదు మాస్టారి చెయ్యి

ఆయనకు ఒక్కటే జబ్బు. పదిమంది ఒక మాట మీద ఉంటే ఆయనకు ఒంట్లో బాగుండేది కాదు. అందరూ సరే అన్నది ఏదైనా కానివ్వండి, కుడిచెయ్యి చెవి దాకా లేపి "కాదు" అనేవారు. అందులో కోపం గానీ గొడవ గానీ ఉండేది కాదు. పక్కింట్లో చిటికెడు పంచదార అడిగినంత మొహమాటంగా అనేవారు. ఆ ఒక్క మాటతో కన్నవాళ్లు పెట్టిన పేరు మరుగున పడి, విశ్వవిద్యాలయం మొత్తానికీ ఆయన కాదు మాస్టారైపోయారు. గది తలుపు మీద పేరు వెలిసిపోతే మళ్లీ రాయించాలని ఎవరికీ తోచలేదు, ఆయనతో సహా.

ఆయన చదువంతా కంపెనీల బోర్డుల మీద. పెద్ద కంపెనీని ఎవరు నడుపుతారు, దారి తప్పితే ఎవరు ఆపాలి, ఆపాల్సినవాళ్లు ఎందుకు ఆపరు, మార్కెట్టుకు కాపలా ఉన్న నియంత్రణ సంస్థ ఏం చూస్తుంది, ఏం చూడనట్టు ఊరుకుంటుంది, ఇవీ ఆయన జీవితమంతా తవ్విన ప్రశ్నలు. మునిగిపోయిన కంపెనీల సమావేశాల్లో ఎవరేమన్నారో రాసిపెట్టిన మినిట్స్ ఎక్కడెక్కడివో సంపాదించి, చాటలో బియ్యం ఏరినట్టు ఒక్కో మాటా ఏరేవారు. ఏరగా ఏరగా ఆయనకు తేలిందేమిటంటే, ఆయన చేతికి వచ్చిన కంపెనీలన్నిటిలోనూ కొంప ముంచిన తీర్మానం ఏకగ్రీవంగానే నెగ్గింది. అప్పటినుంచి ఏకగ్రీవం అన్న మాట వింటే చాలు, గ్యాసు వాసన వచ్చినట్టు ముక్కు ఎగబీల్చేవారు.

ఈ కబుర్లన్నీ కొత్తమ్మాయి చెప్పగా బయటికి వచ్చినవి. మాస్టారి విభాగంలో అందరికంటే చివర చేరిన పాపానికి ఆమెను కొత్తమ్మాయి అనేవాళ్లు. ఇప్పుడు ఆమె జుట్టు నెరిసింది, మోకాళ్లు నొప్పులంటున్నాయి, అయినా ఆనాటివాళ్లు ఎదురైతే "ఏమ్మా కొత్తమ్మాయ్, బాగున్నావా?" అనే పలకరిస్తారు. మాస్టారి సంగతి ఎత్తితే చాలు, ఆమెకు అన్నం వేళ కూడా గుర్తుండదు.

ఆమె వెళ్లిన మొదటి సమావేశంలోనే మాస్టారి దర్శనమైంది. పొడుగాటి బల్ల, చుట్టూ విభాగం వాళ్లంతా, తలవైపున హెడ్డుగారు.

"అందరికీ టీ చెప్పమంటారా?" అన్నారు హెడ్డుగారు.

అందరూ సరే అన్నారు. మూలనుంచి ఒక చెయ్యి లేచింది.

"కాదు."

"మీకు కాఫీ చెప్పనా మాస్టారూ?"

"అబ్బే, టీయే తాగుతాను."

"మరి కాదన్నారు?"

"అందరూ సరే అన్నారు కదండీ. ఎవరో ఒకరు కాదన్నట్టు ఉంటే మంచిది. రాసుకోవయ్యా," అన్నారు గుమస్తా వైపు తిరిగి. గుమస్తా రాసుకున్నాడు. టీ వచ్చింది. మాస్టారు రెండు కప్పులు తాగారు.

ప్రతి తీర్మానం కిందా 'కాదు మాస్టారు మినహా' అని రాసీ రాసీ గుమస్తాకు వేళ్లు పట్టేశాయి. ఇక లాభం లేదని, 'ఒకరు మినహా అందరి ఆమోదంతో' అని రబ్బరు స్టాంపు చేయించుకుంటానన్నాడు. స్టాంపు కొనడానికి కూడా అనుమతి కావాలి కదా, ఆ తీర్మానమూ సమావేశం ముందుకు వచ్చింది. మాస్టారు దాన్నీ వ్యతిరేకించారు. స్టాంపు తొలి ముద్ర ఆ తీర్మానం మీదే పడింది.

ఒకసారి ఆయన పని పట్టాలని అందరూ కూడబలుక్కున్నారు. సమావేశం గదిలో ఫ్యాను కిర్రుమంటోంది, మార్పించాలని మాస్టారే ప్రతిపాదించిన రోజది. హెడ్డుగారు కన్నుగీటారు. అందరూ ఒక్క గొంతుతో సరే అన్నారు. మాస్టారి మొహం వాడిపోయింది.

"ఒక్కరికీ అభ్యంతరం లేదా?"

"లేదండీ."

"నూనె చుక్క వేస్తే సరిపోతుందేమోనని కూడా ఎవరికీ తట్టలేదా?"

"తట్టలేదండీ."

"అయితే ఇందులో ఏదో తిరకాసుంది," అని తన ప్రతిపాదనకు తానే చెయ్యెత్తి కాదనేశారు. ఫ్యాను మారింది. కొత్త ఫ్యాను చడీచప్పుడూ లేకుండా తిరిగేది. మాస్టారు మాత్రం చాలాకాలం దాని కింద కూర్చోకుండా, దూరంనుంచి అనుమానంగా చూస్తుండేవారు.

"ఇంట్లో ఈయనతో ఎలా వేగుతున్నారు పిన్నిగారూ?" అని కొత్తమ్మాయి ఓసారి మాస్టారి భార్యను అడిగింది.

"వేగడానికేముందమ్మా! నాకు కావాల్సింది నేను అడగను. గోడలకు నీలం రంగు వేయించుకోవాలని ఉంటే, పిల్లల్ని పోగేసుకుని పసుపు, పసుపు అని గోల చేస్తాను. ఆయన కాదంటారు. సరే, మీ మాటే కానివ్వండి, నీలమే వేయించండి అంటాను."

"మాస్టారికి తెలీదా?"

"తెలీకపోవడమేం? ఆయనకీ నీలమే ఇష్టం మరి."

కంటికి ఆపరేషన్ చేయించాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆవిడకు చుక్కలు కనిపించాయట. చూసిన డాక్టర్లందరూ చేయించుకోమనే అన్నారు. వద్దనే డాక్టరు ఒక్కడైనా దొరికితే గానీ చేయించుకోనని మాస్టారు ఊరంతా తిరిగారు. చివరికి ఆవిడే విసిగిపోయి, "వద్దని నేనంటున్నాను. ఇక పదండి," అంది. మాస్టారు హాయిగా వెళ్లి బల్ల మీద పడుకున్నారు.

ఇలా నవ్వుకుంటూ రోజులు గడుస్తుండగా కొత్తమ్మాయికి గండం వచ్చిపడింది.

ఆమె పరిశోధన స్వతంత్ర డైరెక్టర్ల మీద. అంటే యజమాని మనిషి కాకుండా, చిన్నచిన్న వాటాదార్ల తరఫున బోర్డులో కూర్చుని, ఇదేమిటని అడగాల్సిన పెద్దమనుషుల మీద. ఏళ్ల తరబడి మినిట్స్ తిరగేసి ఆమె తేల్చింది ఇదీ: వాళ్లలో కాదన్నవాళ్లు దాదాపు లేరు. ఎందుకు లేరంటే, ఒక్కసారి కాదన్న మనిషికి ఆ బోర్డులో మళ్లీ కుర్చీ దొరకలేదు. అది చూసి మిగతావాళ్లు నోళ్లు కుట్టేసుకున్నారు.

ఆ సమయంలోనే నిబంధనలు మార్చాలా వద్దా, మీ అభిప్రాయం చెప్పమని నియంత్రణ సంస్థ నుంచి విభాగానికి కబురొచ్చింది. జవాబు రాసే బాధ్యత హెడ్డుగారు తీసుకున్నారు. ఆయన చెడ్డమనిషేమీ కాదు. కాకపోతే తనే చాలా కంపెనీల్లో స్వతంత్ర డైరెక్టరు. ఎన్ని కంపెనీల్లోనో ఆయనకే సరిగ్గా గుర్తుండేది కాదని, ఒకసారి వేరే కంపెనీ సమావేశంలో పొరపాటున కూర్చుని, అన్నిటికీ సరే అని లేచి వచ్చారని విభాగంలో చెప్పుకునేవాళ్లు. అలాంటి ఆయన కొత్తమ్మాయి పరిశోధనలోంచి సగం వాక్యం కత్తిరించి నివేదికలో అతికించారు. 'బోర్డుల్లో అసమ్మతి దాదాపు లేదని మా పరిశోధనలో తేలింది. కనుక కంపెనీల పాలన సామరస్యంగా సాగుతోంది. నిబంధనలు మార్చనక్కర్లేదు.' కింద కొత్తమ్మాయి పేరు.

సమావేశానికి ముందు అందరికీ పంచిన ఆ ప్రతిని కొత్తమ్మాయి రెండుసార్లు చదివింది. ఊపిరాడని రోగి అరవడం లేదు కాబట్టి కులాసాగా ఉన్నాడన్నట్టుంది అది. పోనీ అడుగుదామా అంటే, ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేయాల్సిన ఫైలు హెడ్డుగారి బల్ల మీదే ఉంది. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది, దాంతోపాటే తన పేరు మీద ఆ అబద్ధమూ ఉంటుంది.

సమావేశానికి ముందురోజు సాయంత్రం ఆమె మాస్టారి గదికి వెళ్లింది.

"మాస్టారూ, రేపు మీరు ఎలాగూ కాదంటారు కదా. ఆ అనేదేదో కాస్త కారణం చెప్పి అనండి. నా పేరు మాత్రం రానివ్వకండి."

మాస్టారు అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నా కాదు ఎవరికి వినపడుతుందమ్మా? అది రబ్బరు స్టాంపైపోయింది. నీదింకా ఎవరూ వినలేదు. నువ్వే అనాలి."

"నాకు భయంగా ఉంది."

"ఉంటుంది మరి."

ఆమెకు ఒళ్లు మండింది. "ఎవరూ వినరని తెలిసీ, మరి ఇన్నేళ్లుగా ఆ చెయ్యి ఎందుకెత్తుతున్నారు?"

మాస్టారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"నీ వయసులో ఉండగా, మునిగిపోయిన ఒక కంపెనీ డైరెక్టర్లను వెతుక్కుంటూ తిరిగానమ్మా. మొదటాయన పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. 'లెక్కలు తప్పని నాకు తెలుసు బాబూ, ఒక్కడు ముందు చెయ్యెత్తితే నేనూ ఎత్తేవాణ్ణి' అన్నాడు. అయ్యో పాపం అనుకున్నాను. రెండో ఆయన మంచంలో ఉన్నాడు. ఆయనా అదే మాట. ఒక్కడు ఎత్తి ఉంటేనా, అని. మూడో ఆయనా అంతే. ఆ తర్వాతాయనా అంతే. ఆ బల్ల చుట్టూ ఉన్న ప్రతివాడికీ తెలుసమ్మా! ఆ ఒక్కడు ఎవడా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. వాళ్లను నమ్మిన జనం వీధిన పడ్డారు."

"అందుకనీ?"

"ఆ ఒక్కడేదో నేనే అయిపోతే పోలా అనుకున్నాను. ఎవరి మనసులో ఎప్పుడు కాదు ఉంటుందో మనకేం తెలుసు? టీ దగ్గర్నుంచీ ఎత్తుతూ ఉన్నాననుకో, అవసరం వచ్చిన రోజున ముందు చెయ్యి కోసం ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. రెండోది ఎత్తితే చాలు. అది కొంచెం తేలిక."

కొత్తమ్మాయి మెల్లగా అడిగింది. "ఇప్పటిదాకా ఎవరైనా ఎత్తారా మాస్టారూ, రెండోది?"

"ఇంకా లేదు," అన్నారు మాస్టారు, బస్సు కాస్త ఆలస్యమైందన్నంత మామూలుగా. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మీద ముంచుకొచ్చిన ప్రేమను ఏం చేసుకోవాలో కూడా తెలియక, వస్తానని చెప్పి వచ్చేసింది.

మర్నాడు హెడ్డుగారు నివేదిక చదివి వినిపించి, కాగితాలు సర్దుకుంటూ "అందరికీ సమ్మతమేగా?" అన్నారు. తలలు ఊగాయి. మాస్టారి చెయ్యి లేచింది.

"కాదు."

అందరూ నవ్వారు. గుమస్తా సిరాపెట్టె మూత తీశాడు.

అప్పుడు కొత్తమ్మాయి చెయ్యెత్తింది. "కాదండీ," అంది. ఆ మాట గదంతా వినపడింది.

గుమస్తా స్టాంపు గాల్లోనే ఆగిపోయింది. "ఇద్దరు మినహా అని స్టాంపు లేదండీ," అని గొణిగాడు.

"ఏమిటమ్మా నీ అభ్యంతరం?" అన్నారు హెడ్డుగారు, నమ్మలేనట్టు చూస్తూ.

"అసమ్మతి లేదని నేను రాసిన మాట నిజమేనండీ. ఎందుకు లేదో కూడా రాశాను. ఆ ముక్క ఇందులో లేదు. కాదన్నవాళ్లను మళ్లీ బోర్డులోకి రానివ్వలేదు కాబట్టి ఎవరూ అనడం లేదు. దాన్ని సామరస్యం అంటే ఎలాగండీ? వాళ్లు భయపడుతున్నారు."

బిస్కెట్లు అందుకోవడానికి తప్ప ఏనాడూ చెయ్యి చాపని గణాంకాల లెక్చరరు, మెల్లగా చెయ్యి పైకెత్తాడు. "నిన్న చదివినప్పుడే నాకూ అలాగే అనిపించిందండీ."

"నాక్కూడా," అంది చట్టం చెప్పే మేడమ్. "ఎవరైనా అంటారేమోనని చూస్తున్నాను."

ఆ వెనుక ఇంకొకరు, ఆ పక్కన మరొకరు. గుమస్తా కూడా సగం ఎత్తి, తనకు ఓటు లేదన్నది గుర్తొచ్చి నాలిక్కరుచుకుని దించేశాడు. చూస్తుండగానే బల్ల చుట్టూ అన్ని చేతులూ పైనే ఉన్నాయి, తలవైపున తప్ప.

హెడ్డుగారు చుట్టూ చూశారు. ఎన్నో బోర్డుల్లో హాయిగా అందరితో కలిసి తలూపిన మనిషి, ఒక్కడుగా మిగలడం ఆయనకు అదే మొదలు. "అంటే, నేనొక్కణ్ణేనన్నమాట," అన్నారు. ఆ గొంతు విని కొత్తమ్మాయికే జాలేసింది. ఆ వెంటనే ఆయన బల్ల మీదున్న తన ఫైలు గుర్తొచ్చింది.

ఇక మాస్టారి ఆనందానికి పట్టపగ్గాలుండవని అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన మొహం చూస్తే ఒంట్లో బాగున్నట్టు లేదు. గదంతా ఒకే మాట మీద ఉంది మరి. ఎత్తిన చెయ్యి మెల్లగా దించారు. లేచి, కుర్చీని బర్రున ఈడ్చుకుంటూ పోయి హెడ్డుగారి పక్కన వేసుకుని కూర్చున్నారు.

"నా ఓటు హెడ్డుగారికి."

"మాస్టారూ!" అని అరిచినంత పని చేసింది కొత్తమ్మాయి.

"మీరు నెగ్గారు కదమ్మా. ఇక్కడ చూడు, ఆయనొక్కరే ఉన్నారు పాపం."

హెడ్డుగారు ఆయన్ను ఎగాదిగా చూశారు. "ఇన్నేళ్లూ నేనేమన్నా కాదన్నారు. టీ అన్నా కాదన్నారు. ఇవాళ నేను ఓడిపోతుంటే వచ్చి ఓటేస్తున్నారా?"

"అప్పుడు మీకు బోలెడుమంది ఉన్నారు కదండీ," అన్నారు మాస్టారు.

హెడ్డుగారికి ముందు కోపమే వచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, పక్కనే బుద్ధిమంతుడిలా కూర్చున్న మాస్టారిని చూసేసరికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగలేదు. కళ్లు తుడుచుకుంటూ, "తిరిగి నువ్వే రాయమ్మా," అని కాగితాలు కొత్తమ్మాయి వైపు తోశారు.

తర్వాతి సమావేశంలో ఆమె ఉద్యోగం ఖాయం చేసే తీర్మానాన్ని హెడ్డుగారే ప్రవేశపెట్టారు. అందరూ సంతోషంగా సరే అన్నారు. మాస్టారు చెయ్యెత్తి, కొత్తమ్మాయి వైపు క్షమించమన్నట్టు చూసి, "కాదు," అన్నారు. ఆమె ఫక్కున నవ్వింది. గుమస్తా స్టాంపు తీసేలోపు, తలవైపునుంచి ఇంకో చెయ్యి లేచింది.

"మీరేమిటండీ? ప్రతిపాదించింది మీరే కదా!" అంది చట్టం మేడమ్.

"మాస్టారొక్కరే ఉన్నారు కదమ్మా," అన్నారు హెడ్డుగారు, చెయ్యి దించకుండానే.

ఆ ఇద్దరూ వద్దన్న ఉద్యోగమే కొత్తమ్మాయి ఇన్నేళ్లూ చేసింది.