బూటు కింద ముద్ర

మా క్లబ్బుకి కొత్తగా వచ్చినవాళ్లకి ఇమ్కె హోల్తుస్ అంటే మోకాలికి పట్టీ కట్టుకుని ఎర్రమట్టి కోర్టుకి నీళ్లు పట్టే మనిషి, అంతే. ఒకప్పుడు ఆమె టెన్నిస్ ఆడే బతికింది. పాత కారులో ఊరూరా తిరిగి, అందులోనే పడుకుని, రొట్టె, జున్ను తిని ఆడింది. డబుల్స్‌లో ఆమె జోడీని నేనే. ఆమెకి అన్యాయం జరిగిన ఆ సింగిల్స్ మ్యాచ్ రోజు నేనూ అక్కడే చూస్తూ ఉన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంకొక్క పాయింటు వస్తే ఇమ్కెకి పెద్ద పోటీలో చోటు దొరికేది. ఆమె కొట్టిన బంతి ఎదురు ఆడుతున్న రమోనా కెస్లర్ వైపు గీత మీద పడింది, అంటే లోపలే. అంపైరు లేని ఆటలో బంతి ఎవరి వైపు పడితే వాళ్లే చెప్పాలి, అనుమానం వస్తే మట్టిలో బంతి పడ్డ ముద్ర చూపించాలి. రమోనా "బయట!" అని అరిచి, ఇమ్కె వచ్చి చూసేలోగా ఆ ముద్రని బూటుతో తుడిచేసింది. ఇమ్కె ఆ మ్యాచ్ ఓడిపోయింది. ఆ చలికాలమే మోకాలు పోయింది. మళ్లీ అలాంటి అవకాశం రాలేదు.

"పోనీ క్షమించెయ్యవే," అని ఎవరైనా అంటే, "ముందు దాన్ని ఒప్పుకోమను," అనేది ఇమ్కె.

ఈ వేసవిలో యాభై దాటినవాళ్ల లీగులో రమోనా జట్టు మా క్లబ్బుకే వచ్చింది. ఆమెని చూడగానే ఇమ్కె పట్టీ బిగించుకుంది.

"ఉటే, ఇవాళ దాని పని పడతానే," అంది నాతో.

ఇద్దరూ ఆడిన మ్యాచ్‌లో మళ్లీ ఇమ్కె గెలవడానికి ఒక్క పాయింటే మిగిలింది. ఈసారి రమోనా కొట్టిన బంతి ఇమ్కె వైపు గీత మీద పడింది. ఇమ్కె "బయట!" అంది. తాపీగా ముద్ర మీద బూటు పెట్టి రాసేసింది.

రమోనా నెట్ దాకా పరుగెత్తుకొచ్చింది. "లోపలే పడింది! ముద్ర ఎందుకు చెరిపావే? సిగ్గులేదా? ఇది మోసం!"

"ఇంకోసారి చెప్పు. వెనక వాళ్లకి వినపడలేదు," అంది ఇమ్కె.

రమోనా మొహం మాడిపోయింది.

"లోపలే పడింది. పాయింటు నీదే. పద, ఆడు," అంది ఇమ్కె.

ఆడేందుకు రమోనా దగ్గర ఇంకేం మిగిలింది? సర్వీసులు రెండూ నెట్‌కి కొట్టి పాయింటు పోగొట్టుకుంది. ఆ తర్వాతి బంతితో ఇమ్కె గెలిచేసింది. అబ్బ, నా కడుపు చల్లబడింది!

ఆట అయ్యాక ఎవరి సగం కోర్టు వాళ్లే, తాడు కట్టిన పెద్ద వలని మట్టి మీద లాగి చదును చెయ్యాలి. అతిథి జట్టు భాగం కూడా మా వాళ్లే లాగేస్తారు, మర్యాదకి. లోపల బంగాళాదుంపల సలాడ్ వడ్డించి పెట్టారు. ఇమ్కె మాత్రం వల తాడు తెచ్చి రమోనా చేతిలో పెట్టింది.

"లాగు. చెరపడం నీకు అలవాటేగా."

రమోనా తలొంచుకుని లాగింది. గీత దగ్గరికొచ్చి ఆగింది.

"ఆ రోజు... నీ బంతి లోపలే పడింది, ఇమ్కె."

"తెలుసు. లాగు."