సోడా తిన్న సత్తు కేరేజీ

ఆ రోజు తప్పు పూర్తిగా నాదే. ఇవాళ మా అమ్మాయి ప్రయోగం కోసమని అల్యూమినియం ముక్కను బట్టల సోడా కలిపిన వేడి నీళ్లలో వేస్తే బుడగలు లేచాయి. చిన్నప్పుడు మా ఇంట్లోనే ఉండే మేనత్త గుర్తొచ్చింది.

అత్త పలాసలో జీడి ఫ్యాక్టరీకి పనికెళ్లేది. సత్తు కేరేజీలో, అంటే అల్యూమినియం డబ్బాలో, అంబలి పట్టుకెళ్లి, సాయంత్రం చింతపండు పిప్పితో దాన్ని తోముకునేది. నేను పదో తరగతి. లోహాల ఆక్సైడులు క్షారాలని ఒక్క ముక్క బట్టీ పట్టి పండితుణ్నయిపోయాను. క్షారాన్ని క్షారం ఏం చేస్తుందని, కేరేజీని బట్టల సోడాలో మరిగిస్తానన్నాను.

“వద్దురా, సోడా సత్తుని తినీత్తాది.”

“జీడిపిక్కలు కొట్టుకునేదానివి, నాకు సైన్సు సెప్తావేటి?”

అత్త ఇంట్లో లేని ఆదివారం మరిగించాను. బుడగలు లేస్తుంటే మురికి పారిపోతోందని మురిసిపోయాను. అల్యూమినియం ఆక్సైడు ఆమ్లంలోనూ, క్షారంలోనూ కరుగుతుందని పుస్తకంలో ఆ కింది పేరాలోనే ఉంది. అంతవరకు చదివే ఓపిక ఆ వెధవకి లేదు.

సోమవారం ఆటోలో, అడుగున సోడా తినేసిన సన్న చిల్లుల్లోంచి అంబలంతా కారి అత్త చీర తడిసింది. ఆ పూట పస్తే. సాయంత్రం వచ్చి అడిగింది.

“ఏరా సైన్సూ, నా అంబలి ఏ ఆక్సైడు తాగీసిందిరా?”

మర్నాడు నా స్టీలు కేరేజీలో అంబలి పోసి ఆమెకిచ్చాను. పరీక్షలయ్యేదాకా ఆ చిల్లుల కేరేజీలోనే బడికి అన్నం పట్టుకెళ్లాను. “ఇదేటి మావా, జల్లెడా?” అని నవ్విన ప్రతివాడికీ, అత్త ముందే చెప్పిందనీ, వినకుండా పాడుచేసింది నేనేననీ చెప్పాను.