మరిది చేతి మీద అల్లిక

నా టాటూ షాపు కోరుట్లలో, సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం మీద, ఒక్కటే గది. వచ్చేవాళ్లలో సగం మందికి అమ్మ పేరు కావాలి, మిగతా సగానికి త్రిశూలం. అందుకే మా మరిది ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి "వదినా, గిది ఏస్తవా?" అని అడిగినప్పుడు నాకు పండగలా అనిపించింది. ఎక్కడో ఐర్లండులో వెయ్యేళ్ల కింద క్రైస్తవ సన్యాసులు చేత్తో రాసిన పుస్తకాల అంచుల్లో వేసిన అల్లిక అది. ఒకే తాడు తన మీదుగా, తన కిందుగా పోతూ, మొదలూ చివరా లేకుండా చుట్టుకుంటుంది. మా మామ బతికున్నప్పుడు కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కేవాడు. ఆయన నడుముకు వేసుకునే మోకులా ఉందని మరిదికి నచ్చింది. నేను సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని. ఒక పోగు పైన, ఒక పోగు కింద అనే లెక్క నాకెవరూ నేర్పక్కర్లేదు. ఊరుకోలేక ఆ అల్లికలోకి రెండు వేటకుక్కల్ని కూడా దూర్చాను, ఒకదాని తోక ఇంకొకదాని నోట్లో ఉండేలా.

మా అత్తమ్మ చూసి గుండెలు బాదుకుంది.

"గివి కుక్కలా? పాములు గానీ. పాము పామును మింగుతున్నది. మస్కట్ పోయేటోని చేతికి గిదేం బొమ్మ పిల్లా?"

నాకు నవ్వొచ్చింది. అంత కష్టపడి చెవులు వేశాను, పాములకు చెవులుంటాయా?

నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. గల్ఫ్ మెడికల్‌లో మరిదికి అన్‌ఫిట్ వచ్చింది. రక్తంలో హెపటైటిస్ బి ఉందన్నారు. ఏజెంటు ఫోన్‌లో ఒకే మాట అడిగాడు. "ఈ నడుమ టాటూ గిట్ల ఏపిచ్చుకున్నవా?" స్పీకర్ ఆన్‌లో ఉంది. ఇంట్లో అందరూ నా వైపు చూశారు.

అంత భయం నేను ఎన్నడూ పడలేదు. కొత్త సూది విప్పానా? విప్పాను, అతని కళ్ల ముందే కవరు చించాను. రంగు పోసుకునే బుల్లి గిన్నె కొత్తదేనా? గ్లౌజులు మార్చానా? అన్నీ చేసినట్టే గుర్తు. కానీ అది ఆ రోజు గుర్తా, రోజూ చేసే పని గనక గుర్తున్నట్టు అనిపిస్తోందా? అక్కడి నుంచి మనసు మిగతావాళ్ల మీదికి పోయింది. భుజం మీద సీతాకోకచిలుక వేయించుకున్న టీచరమ్మ, కొడుకు పేరు రాయించుకున్న ఆటో అతను, కొత్తగా పెళ్లయిన జంట. వాళ్లందరి రక్తంలోకీ నేనే ఏమైనా ఎక్కించానా? షటరు దించేశాను.

అత్తమ్మ మాత్రం పాముల దోషమే అంది. మరిదిని తీసుకుపోయి పుట్టలో పాలు పోయించింది. నాకు ఆమె మీద కోపం కన్నా అసూయే ఎక్కువ కలిగింది. ఆమె భయానికి పోయి మొక్కేందుకు ఒక పుట్ట ఉంది. నా భయానికి అదీ లేదు.

చివరికి మా ఆయన మా పాపతో సహా అందరినీ జగిత్యాలలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు మరిదికి మళ్లీ పరీక్షలన్నీ చేయించాడు.

"ఇది మొన్న మొన్న వచ్చింది కాదు. చిన్నప్పటి సంది ఉన్నట్టున్నది. అమ్మకు గూడ చూద్దాం" అన్నాడు.

నా సూది కాదు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను, సంతోషంతోనే. మరిదికి రోగం ఉందన్న సంగతి కూడా ఆ క్షణం నాకు గుర్తు రాలేదు.

అత్తమ్మ రక్తం తీయడానికి చెయ్యి చాపింది. మోచేయి నుంచి మణికట్టు దాకా పచ్చబొట్లు. "జాతరల పొడిపిచ్చుకున్నం. ఆడిపిల్లలం వరుసగ కూసుంటే పచ్చబొట్లామె గా ఒక్క సూదితోనే అందరికి పొడిసింది" అని నర్సుతో అంటోంది, చిన్ననాటి ముచ్చటగా. ఆమెకూ ఉందని తేలింది.

"పచ్చబొట్టుతోనే అచ్చిందా సారు?" అని నేనే అడిగాను.

"ఎట్ల వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరమ్మా. కానీ తల్లికి ఉంటే కాన్పు టైంల పిల్లలకు రావచ్చు. ఆమె పిల్లలందరికీ చూడాలె. ఇంట్లో మీరంతా గూడ చూపించుకోండ్రి."

మా ఆయన చొక్కా చెయ్యి పైకి మడుస్తూ లోపలికి పోయాడు. నా సంతోషం అంతవరకే.

బయట బల్ల మీద అత్తమ్మ ఒక చివర కూర్చుంది, రెండు చేతులూ కొంగులో దాచుకుని. "నా కొడుకులకు నేనే ఇచ్చిన్నా?" అంది, నన్ను కాదు, నేలను చూస్తూ. మా పాప ఎప్పటిలాగే ఆమె ఒడిలోకి ఎక్కడానికి పరుగెత్తబోయింది.

ముట్టుకుంటే, ఒడిలో కూర్చుంటే అది అంటదని నాకు తెలుసు. షాపుకొచ్చే వాళ్లకు నేనే చెబుతాను. పాపకు పుట్టిన రోజే టీకా వేయించాం, అదీ తెలుసు. అయినా నా చెయ్యి పాప గౌను పట్టుకుని వెనక్కి లాగింది.

అత్తమ్మ చూసింది. "మంచిగ పట్టుకో బిడ్డా" అని, ఇంకొంచెం దూరం జరిగి కూర్చుంది.