జోషిత అని పిలిస్తే

మా బావ పోయిన కబురు బంధువులకి నేనే ఫోన్లు చేసి చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. "ఒరే, సావుల మీద కూడా ఎకసక్కాలేటిరా నీకు?" అని మా పెదనాన్న కొడుకు తిట్టి ఫోను పెట్టేశాడు. ఇన్నాళ్ళూ నేను పుట్టించిన కబుర్లు అలాంటివి మరి. చివరికి ఫోను మా అక్క ఏడుపు దగ్గర పెట్టాల్సొచ్చింది.

మా అక్క మొగుడాయన. శ్రీకాకుళం బజార్లో పప్పుల కొట్టు. మీలో చాలామంది అక్కడ కొన్నవాళ్ళే. మీ పిల్లలందరి పేర్లూ ఆయన నోట్లో ఉండేవి. "పిల్ల పేరు గుర్తెట్టుకున్నోడి కొట్టు దాటి ఏ తల్లీ ఎల్లదురా" అనేవాడు నాతో. ఒకసారి ఎవరికో లేని కొడుకుని కల్పించి, వాడికి జ్వరమని చెప్పాను. "ఆళ్ళకిద్దరూ ఆడపిల్లలేరా, ఎదవా" అన్నాడు, తక్కెడ మీంచి కళ్ళెత్తకుండా. నాలాంటి వాగుడుకాయకి కొట్టు ముందు స్టూలేసి కూర్చోబెట్టిన మనిషి ఊళ్ళో ఆయనొక్కడే.

తర్వాత నొప్పి పట్టుకుంది. నడుం దగ్గర మొదలై మడమ దాకా, రాత్రీ పగలూ. ఆ ఏడే మనవరాలు పుట్టింది. జోషిత అని పేరెట్టారు. ఆ పేరు ఆయనకి అంటలేదు. పొద్దున్న చెబితే మధ్యాహ్నానికి లేదు. నేను ఒకే జోకు రోజూ చెప్పి చూశాను. రోజూ కొత్తగానే నవ్వాడు. మొదట సరదాగా ఉంది గానీ, పోను పోను ఆ నవ్వుకి భయమేసి జోకు మానేశాను. మీ పిల్లల పేర్లు మాత్రం ఒక్కటీ పోలేదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. "నొప్పి ఎడతెగకుండా ఉంటే మెదడు దాన్నే కాచుకుని కూర్చుంటుంది. కొత్త సంగతి కుదురుకోదు" అన్నాడాయన. తొమ్మిదో క్లాసు తప్పినవాణ్ణైనా నాకర్థమైంది. గుమ్మంలో కరిచే కుక్కుంటే లోపలికి చుట్టం ఎలా వస్తాడు?

బావ వేరే లెక్క వేశాడు. "సిన్నప్పుడు మేస్టారు తొడ మెలేసి ఎక్కాలు నేర్పాడ్రా. ఇప్పటికీ మర్సిపోనేదు. నొప్పెట్టిందే బుర్రలో ఉండిపోతాది."

"ఉన్న నొప్పి సాల్లేదేటి బావా, అరువు తెచ్చుకుంతన్నావు?" అన్నాను.

నవ్వలేదు. "నా మనవరాలి పేరు రాకుండానే నాను పోతానేటిరా?" అన్నాడు.

ఇక మమ్మల్ని పేరడిగి, జోషిత అనడం, తొడ మెలేసుకోవడం. అక్క చేతులు పట్టుకుంటే విదిలించుకునేవాడు. పంచె తొలిగితే నల్లగా కమిలిన మచ్చలు.

పిల్లకి మూడేళ్ళొచ్చినా పేరు రాలేదు. ఇంకోటొచ్చింది. వంటింట్లోంచి పిల్ల తల్లి "జోషితా" అని కేకేస్తే, మంచం మీద ఈయన ఉలిక్కిపడి రెండు చేతుల్తో తొడ మూసుకునేవాడు. "ఏటయ్యింది బావా?" అంటే, "ఏటో వస్తన్నాదిరా" అనేవాడు గుమ్మం వైపు చూస్తూ. గుమ్మంలో నిలబడింది ఆ పిల్లే.

పిల్ల అది ఆటనుకుంది. తాత ఎదురుగా నిలబడి, తనూ గౌను మీద చేతులు కప్పుకుని కిలకిలా నవ్వేది.

దినం భోజనాలప్పుడు ఎవరో "జోషితా, రావే, అన్నం తిందువు గాని" అని పిలిచారు. పందిట్లో పరిగెడుతున్న పిల్ల ఆగిపోయింది. రెండు చేతుల్తో తొడ మూసుకుంది. ఈసారి నవ్వలేదు.